ఇవాళ ఎగరడం లేదు: సరదా పైలట్లని బెజవాడ చుట్టాలు అడిగే ప్రశ్నలు

మేం ముగ్గురం. ఒకడికి బందరు రోడ్డులో మెడికల్ షాపు, ఒకడు గుంటూరులో లెక్చరర్, నాది పటమటలో చిన్న ఆడిటింగ్ ఆఫీసు. ముగ్గురికీ ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంది. అంటే సొంత సరదాకి విమానం నడపొచ్చు, మనవాళ్లని ఎక్కించుకోవచ్చు, డబ్బు మాత్రం పుచ్చుకోకూడదు. విమానం మాది కాదు. హైదరాబాద్ పక్కన ఒక శిక్షణ సంస్థలో నాలుగు సీట్ల సెస్నా 172ని గంటల లెక్కన అద్దెకు తీసుకుంటాం.

ఎగిరిన రోజు ఎవరూ ఏమీ అడగరు, ఫొటోలు పెట్టమంటారు అంతే. ప్రశ్నలన్నీ వాతావరణం బాగాలేదని మేం ఎగరడం మానేసిన రోజే. నాలుగేళ్లుగా ఇవే ప్రశ్నలకి ఇవే జవాబులు చెప్పి గొంతు అరిగింది కాబట్టి, అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఎండ ఫెళ్లున కాస్తుంటే రద్దు చేశారేంటి?

ఎండ ఎక్కడ కాస్తోంది అన్నదే అసలు సంగతి. మేం బయల్దేరే చోటా, మధ్యలోనా, దిగే చోటా?

భోగి నాటి ముచ్చట చెబితే అర్థమవుతుంది. నేనూ మెడికల్ షాపు వాడూ గన్నవరంలో దిగిపోవాలి. గుంటూరు లెక్చరర్‌కి ఆ ఏడు పండగ హైదరాబాద్‌లో అత్తగారింట్లో కాబట్టి విమానం వెనక్కి తీసుకెళ్లడం అతని వంతు. పండగ రోజు గనక మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా విమానం అప్పజెప్పాలి. ముందు రోజు రాత్రి మేమిద్దరం బెజవాడ నుంచి హైదరాబాద్ బస్సెక్కాం. ఊరంతా ఇటు వస్తుంటే మేం అటు వెళ్తున్నాం. బస్సులో అరడజను మంది కూడా లేరు. డ్రైవరు మమ్మల్ని వింతగా చూశాడు.

పొద్దున ఏడింటికి విమానం పక్కన నిలబడితే హైదరాబాద్ ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. అప్పుడే నాన్న ఫోను. రోజూ మా డాబా ఎక్కితే గుణదల కొండ మీది సిలువ కనిపిస్తుంది, రెండు మూడు కిలోమీటర్ల దూరం. "సిలువ సంగతి దేవుడెరుగు, ఎదురింటి కొబ్బరిచెట్టే కనపడట్లేదురా" అన్నాడు. గన్నవరం విమానాశ్రయం వాతావరణ రిపోర్టు చూస్తే విజిబిలిటీ 600 మీటర్లు. ఎనిమిదిన్నరకి 1200. తర్వాత మంచు పలచబడింది గానీ భోగిమంటల పొగ కిందనే పట్టుకుని కూర్చుంది. పదింటికి 3000. గన్నవరం వెళ్లడానికి గంటంపావు, రావడానికి గంటంపావు, మధ్యలో అరగంట. పదిన్నర దాటితే ఒంటిగంటన్నరకి విమానం వెనక్కి చేరదు. పదిన్నరకి 3500. మానేశాం.

మా అత్తయ్య మాత్రం అప్పటికే మనవణ్ణి తీసుకుని, అరిసెల డబ్బాతో గన్నవరం వచ్చి కూర్చుంది.

అసలు ఎంత దూరం కనిపిస్తే ఎగరొచ్చు? ఎవరు చెప్పారు?

కళ్లతో బయటికి చూస్తూ నడిపే పద్ధతిని వీఎఫ్‌ఆర్ అంటారు. మాకున్న అనుమతి అదొక్కటే. పది వేల అడుగుల లోపు కనీసం 5 కిలోమీటర్లు కనిపించాలి. మబ్బుకి పక్కవైపు కిలోమీటరున్నర, పైకీ కిందకీ వెయ్యి అడుగుల ఎడం ఉండాలి. గన్నవరం లాంటి కంట్రోల్ ఉన్న విమానాశ్రయంలో దిగాలంటే మబ్బు అడుగు భాగం 1500 అడుగులకి తగ్గకూడదు. పొద్దుగూకాక 20 నిమిషాలు దాటితే వీఎఫ్‌ఆర్ ఆట ముగిసినట్టే.

ఇది చట్టం. మా ముగ్గురి చట్టం దీనికంటే గట్టిది: చూపు 8 కిలోమీటర్లు, మబ్బు ఎత్తు 2500 అడుగులు ఉండాలి, అడ్డగాలి, అంటే రన్‌వేకి అడ్డంగా వీచే గాలి, 8 నాట్లు (గంటకి సుమారు 15 కిలోమీటర్లు) దాటకూడదు. సెస్నా 172 కంపెనీ పైలట్లు 15 నాట్ల అడ్డగాలిలో దింపి చూపించారు. మేం కంపెనీ పైలట్లం కాదు. నెలకోసారి ఎగిరేవాళ్లం.

ఈ అంకెల్ని ఒక అట్టముక్క మీద రాసుకున్నాం. రాసింది ఇంట్లో కూర్చుని, కాఫీ తాగుతూ, ఏ తొందరా లేనప్పుడు. విమానం పక్కన నిలబడి అంకెలు ఆలోచిస్తే అవి సాగుతాయి. 5 కాస్తా "దాదాపు 5" అవుతుంది, 4 కూడా "దాదాపు 5" అవుతుంది.

ఆ రిపోర్టులో ఏం ఉంటుంది?

మెటార్ అంటారు. భోగి నాటిది ఇంచుమించు ఇలా ఉంది: "విఓబిజెడ్, 0130జెడ్, 00000కెటి, 0600, ఎఫ్‌జి, 19/19, క్యూ1014". మొదటిది గన్నవరం గుర్తు. 0130 అంటే గ్రీనిచ్ సమయం, దానికి అయిదున్నర గంటలు కలిపితే మన పొద్దున ఏడు. అయిదు సున్నాలంటే గాలి లేదు. 600 మీటర్ల చూపు, పొగమంచు. చివరి 1014 గాలి ఒత్తిడి.

నేను ముందు చూసేది 19/19ని. మొదటి 19 గాలి వేడి, రెండోది డ్యూ పాయింట్, అంటే ఆ గాలి ఎంత చల్లబడితే అందులో తేమ నీటిబొట్లుగా మారుతుందో ఆ వేడి. రెండూ కలిసిపోయాయంటే పొగమంచే. ముందు రోజు రాత్రి పదింటికి ఈ రెంటి మధ్య తేడా రెండు మూడు డిగ్రీలే ఉండి, ఆకాశంలో మబ్బు లేక, గాలి స్తంభించిందా, పొద్దున సంగతి నాకు అప్పుడే సగం తెలిసినట్టు. కృష్ణ, కాలవలు, తడి చేలు, అటు కొల్లేరు. తేమకి కరువు లేని ఊరు మనది. నిజానికి భోగి ముందు రాత్రి బస్సులోనే ఆ అంకెలు చూశాను. చూసి ఫోను జేబులో పెట్టేశాను. అదీ మనిషి బుద్ధి.

పెద్ద విమానాలు దిగాయి కదా ఆ రోజు?

దిగాయి, ఆలస్యంగా. మంచు కాలంలో గన్నవరం మీద చక్కర్లు కొట్టి హైదరాబాద్ వెళ్లిపోయిన విమానాలూ బోలెడు, పేపర్లో చదివే ఉంటారు. వాళ్లకి ఇద్దరు పైలట్లు, వాతావరణ రాడారు, రన్‌వే దాకా రేడియో సంకేతాలతో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే ఐఎల్‌ఎస్, ఆరు నెలలకోసారి పరీక్షలు. మా దగ్గరున్నది ఒక ఇంజిను, రెండు కళ్లు.

మబ్బులోకి వెళ్తే ఏమవుతుంది? మెత్తగానే ఉంటుంది కదా!

ఈ ప్రశ్న మా అక్క కూతురు అడిగింది. పెద్దవాళ్లు అడగరు గానీ వాళ్ల మనసులోనూ ఇదే ఉంటుంది.

మబ్బు మెత్తనే. ఇబ్బంది మన చెవిలో ఉంది. ఒళ్లు ఒరిగిందా, తిరిగిందా అని మెదడుకి చెప్పేది లోపలి చెవిలో ఉన్న ద్రవం. మలుపు నెమ్మదిగా మొదలై అలాగే సాగితే, ఒక ఇరవై సెకన్లలో ఆ ద్రవం సర్దుకుంటుంది. ఇక అక్కణ్ణుంచి "నువ్వు తిన్నగానే ఉన్నావు" అని చెబుతుంది. బయట నేల కనిపిస్తే కన్ను ఆ అబద్ధాన్ని దిద్దుతుంది. మబ్బులో కంటికి తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. విమానం ఒక రెక్క మీదికి ఒరిగి తిరుగుతూ దిగుతుంటుంది. పైలట్‌కి దిగుతున్నట్టు మాత్రమే అనిపిస్తుంది, తిరుగుతున్నట్టు అనిపించదు. ముక్కు పైకెత్తాలని కంట్రోలు వెనక్కి లాగుతాడు. ఒరిగిన విమానాన్ని అలా లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది, వేగం పెరుగుతుంది.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దీని మీద ఒక ప్రయోగం చేశారు. పరికరాలు చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని, బయటేమీ కనిపించని పరిస్థితి కల్పించి నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు. అందులో 19 మంది తప్పింది నేను పైన చెప్పిన తీరులోనే. సగటున పట్టిన సమయం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలు కూడా కాదు. అందరికంటే ముందు తప్పినవాడికి 20 సెకన్లు పట్టింది. అమెరికా అధ్యక్షుడిగా చేసిన కెనడీ కొడుకు జూనియర్ కెనడీ 1999 జులై 16 రాత్రి సముద్రం మీద మసకలో తానే విమానం నడుపుతూ భార్యతో, ఆమె అక్కతో కలిసి కూలిపోయిన ప్రమాదానికి కూడా విచారణలో తేల్చిన కారణం దిక్కు తెలియకపోవడమే. అప్పుడు తుఫానూ లేదు, ఉరుమూ లేదు. నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియలేదు, అంతే.

మా శిక్షణలో ఒక రోజు టోపీలాంటిది పెట్టి బయటికి చూపు మూసేశారు. రెండు నిమిషాల తర్వాత తీసి చూడమన్నారు. నేను తిన్నగా వెళ్తున్నాననుకుంటున్నాను. కిటికీలో ఎడమవైపు మొత్తం నేలే ఉంది. ఆ రోజు నుంచి నా ఒంటి మాట నేను నమ్మను.

మబ్బు కిందనుంచి హైవే పట్టుకుని వచ్చేయొచ్చు కదా?

బస్సులాగా! చాలామంది పోయింది ఇలాగే. సూర్యాపేట, కోదాడ దాకా నేల చదునుగా ఉండి ధైర్యం వస్తుంది. మబ్బు కొంచెం కిందికి దిగితే మీరూ కొంచెం దిగుతారు. ఇంకొంచెం దిగితే ఇంకొంచెం. నందిగామ దాటాక కొండపల్లి కొండలు, ఇబ్రహీంపట్నం థర్మల్ గొట్టాలు, అక్కణ్ణుంచి నాలుగు వైపులా పోయే హైటెన్షన్ తీగలు. ఊరూరా సెల్ టవర్లు ఎటూ ఉన్నాయి. వాన తెరలో తీగ కనపడదు.

ఎండాకాలం అయితే ఏ గొడవా లేదుగా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విమానానికీ అది తగులుతుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. రెక్కకి పట్టు తగ్గుతుంది, ఇంజినుకి ఊపిరి తగ్గుతుంది. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీలు ప్రామాణికం. ఆపైన ప్రతి డిగ్రీకీ విమానం సుమారు 120 అడుగులు పైన ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. 45 డిగ్రీల బెజవాడ మధ్యాహ్నం, నేల మీద నిలబడ్డ విమానం 3600 అడుగుల కొండ మీద ఉన్నట్టే లెక్క. నలుగురు ఎక్కి, ట్యాంకు నిండా పెట్రోలు పోసుకుంటే రన్‌వే మీద చాలా దూరం పరిగెడితే గానీ లేవదు. మా బావగారిని ఒకసారి మే నెలలో దించేశాం. బరువు వల్ల అని చెబితే ఇప్పటికీ కోపమే.

ఆపైన సాయంత్రం గాలివానలు. మూడింటి దాకా చీమ కదలదు, నాలుగున్నరకి నూజివీడు తోటల్లో మామిడికాయలు రాలిపోతాయి. అందుకే మేలో పొద్దున తొమ్మిదిలోపు ఎగిరి దిగిపోవాలి, లేకపోతే మానుకోవాలి.

మన ఎండలో ఇంజిన్లో ఐసు పడుతుందని మీవాడు చెప్పాడు. నిజమేనా?

నిజమే. పాత సెస్నాల్లో కార్బురేటర్ ఉంటుంది. దాంట్లో పెట్రోలు ఆవిరవుతూ గాలిని బాగా చల్లబరుస్తుంది. తేమ ఎక్కువుంటే బయట 30 డిగ్రీలున్నా లోపల మంచు పేరుకోవచ్చు. మట్టి కూజాలో నీళ్లు చల్లబడే కిటుకు లాంటిదే ఇదీ. దానికి వేడిగాలి పంపే మీట ఉంది, కాబట్టి ఇదొక్కటే అయితే రద్దు చేయం.

క్యుములోనింబస్ అంటే ఏంటి? రాజశేఖర రెడ్డి గారప్పుడు విన్నాం.

అవును, తెలుగు వాళ్లకి ఆ మాట తెలిసింది అప్పుడే. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమల మీద చెడు వాతావరణంలో గల్లంతైంది. మర్నాడు గానీ జాడ తెలియలేదు. అయిదుగురూ పోయారు. దానికి రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు ఉన్నారు. మా చిన్న విమానం సంగతి ఎవరు వాదించినా నాకు ఇది గుర్తొస్తుంది.

క్యుములోనింబస్ అంటే ఉరుముల మబ్బు, పైన దాగలిలా చదునుగా పరుచుకుంటుంది. ఒక పక్క గాలి పైకి ఎగదన్నుతుంది, ఆ పక్కనే కిందికి కుమ్మేస్తుంది. సెస్నా గట్టిగా ఎక్కితే నిమిషానికి ఏడెనిమిది వందల అడుగులు. ఆ దిగుగాలి దానికి ఎన్నో రెట్లుండొచ్చు. వాన పడేచోటే ప్రమాదం అనుకోకండి, ముందుగా తోసుకొచ్చే గాలి మైళ్ల దూరం వస్తుంది. 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు ఎడంగా ఉండమని నేర్పుతారు. గన్నవరం మీద అలాంటి మబ్బుంటే మంగళగిరి కూడా దగ్గరే అన్నమాట.

తుఫాను రోజుల్లో?

అప్పుడు ఆలోచించే పనే లేదు. మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే మా అట్టముక్క బయటికి తియ్యక్కర్లేదు. 77 నవంబరు దివిసీమ ఉప్పెన చూసినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. హుద్‌హుద్ 2014లో విశాఖ విమానాశ్రయాన్ని ఏం చేసిందో, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర ఎలా తీరం దాటిందో మిగతావాళ్లం చూశాం. ఇలాంటప్పుడు రద్దు చేయడం చాలా తేలిక, ఎవరూ ఏమీ అనరు కూడా.

కష్టమంతా అటూ ఇటూ కాని రోజుల్లో. బంగాళాఖాతంలో అల్పపీడనం, ముసురు, మధ్యలో గంటసేపు తెరిపి, మళ్లీ ముసురు. ఆ తెరిపి ఉంది చూశారూ, పైలట్లకి తుఫాను కంటే అదే ఎక్కువ చేటు.

మా తాతయ్య చంద్రుడి చుట్టూ గుడి చూసి వాన చెప్పేవారు. మీకెందుకు ఇన్ని యాప్‌లు?

"దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన." తాతయ్య మాటలో సరుకుంది. దూరంగా పెద్ద గుడి కట్టేది చాలా ఎత్తున పరుచుకునే పలచని మంచు మబ్బులో. పెద్ద వాతావరణం వచ్చేముందు అలాంటి మబ్బు ముందు వస్తుంది. నేను మచిలీపట్నం రాడారు బొమ్మ చూస్తాను, ఉపగ్రహం బొమ్మ చూస్తాను, డాబా ఎక్కి చంద్రుణ్ణీ చూస్తాను. మూడూ ఒకే మాట చెబితే నిద్ర పడుతుంది.

ముహూర్తం చూసుకుని వెళ్లొచ్చు కదా?

అమ్మ చూస్తుంది. వర్జ్యం లేదంది, మంచు ఉంది.

ముగ్గురిలో ఎవరి మాట చెల్లుతుంది?

వద్దన్నవాడిది. ఎందుకు వద్దో చెప్పక్కర్లేదు, మిగతా ఇద్దరూ అడగకూడదు. ఇది పెట్టుకోవడానికి ముందు ఒకసారి గుంటూరు మిత్రుడికి మబ్బు నచ్చలేదు. మేం ఇద్దరం నవ్వుతూ "ఏం సార్, క్లాసులో పిల్లలకి చెప్పే ధైర్యం ఇదేనా" అన్నాం. పాపం మొహమాటానికి ఎక్కాడు. ఏమీ కాలేదు, క్షేమంగానే దిగాం. దిగాక అతను అరగంట మాట్లాడలేదు. ఆ మొహం చూశాక ఈ రూలు పెట్టుకున్నాం. రాత్రి నిద్ర లేకపోయినా, జలుబు చేసినా, ఇంట్లో గొడవపడి వచ్చినా కూడా వద్దనొచ్చు.

రద్దు చేశాక గంటకే తెరిపిచ్చింది. తప్పు చేసినట్టే కదా?

భోగి నాడు సరిగ్గా అదే అయింది. పన్నెండింటికి గన్నవరంలో 8 కిలోమీటర్లు. మేం అప్పటికి బస్సులో పంతంగి టోల్‌గేటు క్యూలో ఉన్నాం. సంక్రాంతి నాడు పంతంగి అంటే తెలుసుగా! ముందు మూడు వందల కార్లు, వెనక ఎన్నో లెక్కలేదు. నాన్న ఫోన్ చేసి, "సిలువ కనపడుతోందిరా, తళతళ్లాడుతోంది" అన్నాడు. ఒళ్లు మండింది.

పదిన్నరకి మా చేతిలో ఉన్నది 3500. పన్నెండింటి అంకె పదిన్నరకి ఎవరి చేతిలోనూ లేదు. గొడుగు తీసుకెళ్లిన రోజు వాన పడకపోతే గొడుగు తప్పు చేసినట్టు కాదు కదా. బస్సులో మెడికల్ షాపు వాడు మాత్రం కోదాడ దాకా సణిగాడు.

డబ్బులు పోయినట్టేనా?

అద్దె పోదు, ఎగిరిన గంటలకే కడతాం. బస్సు చార్జీలు, సెలవు, నిద్ర పోతాయి. అవి "ఇంత దూరం వచ్చాక" అనిపిస్తాయి, అదే చిక్కు. అందుకే ఇప్పుడు వచ్చేదానికి బస్సు టికెట్ కూడా ముందే బుక్ చేసి ఉంచుతాం. చేతిలో టికెట్ ఉన్నవాడు విమానం ఎక్కి తీరాలని పట్టుబట్టడు.

ఎగిరాక మధ్యలో చెడితే?

వెనక్కి తిరగడమే, సాధ్యమైనంత తొందరగా. ఎక్కడ తిరగాలో నేల మీదే అనుకుంటాం. మాకు అది కోదాడ. కోదాడ మీద గన్నవరం రిపోర్టు నచ్చకపోయినా, ముందు కొండలు మసకగా ఉన్నా ఎడమవైపు తిరిగి వెనక్కి. రెండుసార్లు తిరిగాం. పెట్రోలు కూడా ఆ లెక్కనే పోస్తాం. పగటిపూట అరగంట మిగులు ఉండాలని నిబంధన, మేం గంట ఉంచుకుంటాం.

మేం వచ్చి ఎదురు చూడాలా, వద్దా?

ఇది అడగాల్సిన ప్రశ్న, ఎవరూ అడగరు. దయచేసి రావద్దు. మీరు గేటు దగ్గర నిలబడ్డారని తెలిస్తే మా కళ్లకి 3500 కూడా 5000 లాగా కనిపిస్తుంది. దిగాక మేమే ఫోన్ చేస్తాం, అప్పుడు బయల్దేరండి. గన్నవరం ఎంత, అరగంట.

అయితే మళ్లీ ఎప్పుడు?

వచ్చే ఆదివారం అనుకుంటున్నాం. శనివారం రాత్రి పదింటికి రిపోర్టు చూసి మెసేజ్ పెడతాను, పొద్దున ఏడింటికి నాన్న డాబా ఎక్కాక ఇంకోటి పెడతాను. అత్తయ్యా, అరిసెలు ఇంట్లోనే ఉంచు.